క్లిప్పులు తీశాక మొదలయ్యే పని

క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా పెట్టుకునే రిటైనర్‌ని మానేసినవాళ్ళని ఎందుకు మానేశారో అడిగి చూడండి. డాక్టరు మాట మీద నమ్మకం లేక మానేశామనేవాళ్ళు దాదాపు కనిపించరు. వాసన వస్తోందని ఒకరంటారు. పచ్చగా మారిపోయింది, నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదని ఇంకొకరంటారు. నాలుగు రోజులు మర్చిపోతే ఆ తర్వాత బిగుతుగా అనిపించి వదిలేశానని ఒకరు, ఎక్కడ పెట్టానో దొరకలేదని ఒకరు. చాలావరకు ఇవే కారణాలు. పట్టుదల లేక మానేసినవాళ్ళు వీళ్ళలో తక్కువ. కడగడంలోనో, దాచుకోవడంలోనో లోపం జరిగింది, అంతే.

రెండేళ్ళు క్లిప్పులతో తిప్పలు పడి, నెలనెలా డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుని, వేలకు వేలు ఖర్చుపెట్టి సరిచేయించుకున్న పలువరుస ఇంత చిన్న కారణాలకి మళ్ళీ చెదిరిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఈ అధ్యాయంలో క్రమశిక్షణ గురించి పెద్ద మాటలు చెప్పను. శుభ్రంగా ఉన్న రిటైనర్‌నే మనిషి రోజూ వేసుకుంటాడు. రోజూ వేసుకున్నదే పళ్ళని నిలబెడుతుంది. కాబట్టి మీ శ్రద్ధ అంతా ముందు కడగడం మీద పెట్టండి.

పళ్ళు ఎందుకు వెనక్కి వెళ్తాయి

క్లిప్పులు తీసిన రోజు పైకి పని పూర్తయినట్టే ఉంటుంది. చిగురు లోపల మాత్రం ఇంకా నడుస్తూనే ఉంటుంది. పన్ను వేరుకీ దవడ ఎముకకీ మధ్య సన్నటి నారపోగుల పొర ఒకటుంది. పన్నుని పట్టి ఉంచేవి ఆ పోగులే. క్లిప్పు పన్నుని ఒకవైపు నెట్టినప్పుడు ఆ వైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది, వదిలిన వైపు కొత్త ఎముక పేరుకుంటుంది. పన్ను జరిగేది ఇలాగే. జరిగిన చోట ఎముక గట్టిపడటానికి, పోగులు కొత్త అమరికలో సర్దుకోవడానికి మాత్రం సమయం కావాలి. వేరు చుట్టూ ఉండే పోగులకి మూడు నాలుగు నెలలు పడుతుంది. చిగురులో, పన్ను మెడ చుట్టూ ఉండే సాగే పోగులు మొండివి, వాటికి దాదాపు ఏడాది కావాలి. మెలి తిరిగిన పన్నుని తిప్పి సరిచేస్తే ఆ పోగులు దాన్ని పాత దిక్కుకే లాగుతుంటాయి. పందిరి గుంజ పాతాక మట్టి బిగిసేదాకా దానికి ఎవరూ ఆనుకోరు కదా. ఆ గడువంతా పన్నుని కదలకుండా పట్టి ఉంచే పని రిటైనర్‌ది.

మరి ఏడాది తర్వాత మానేయొచ్చా? మానేస్తే ఏమవుతుందో చూసినవాళ్ళున్నారు. అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్, ఆయన సహచరులు 1981లో ఒక అధ్యయనం ప్రచురించారు. క్లిప్పుల చికిత్స అయ్యి, రిటైనర్లు ఆపేసి పదేళ్ళయిన 65 మంది పళ్ళ అచ్చుల్ని వాళ్ళు పరిశీలించారు. మూడింట రెండు వంతుల మందిలో కింది ముందుపళ్ళ వరుస సంతృప్తికరంగా లేదు. ఎవరివి నిలుస్తాయో, ఎవరివి కదులుతాయో ముందే చెప్పగలిగే గుర్తు కూడా వాళ్ళకి దొరకలేదు. 'నా పళ్ళు గట్టివి, నాకేం కాదు' అనే ధీమాకి ఆధారం లేదని అర్థం.

జ్ఞానదంతాలు నెట్టడం వల్లే ముందుపళ్ళు వంకరపోతాయని మన ఇళ్ళలో గట్టి నమ్మకం ఉంది. పరిశోధనలు దాన్ని బలపరచడం లేదు. జ్ఞానదంతాలు అసలు రానివాళ్ళలోనూ, జన్మలో క్లిప్పులు వేయించుకోనివాళ్ళలోనూ వయసు పెరిగేకొద్దీ కింది ముందుపళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. శరీరం మారుతూనే ఉంటుంది, పళ్ళూ దాంతోపాటు మారతాయి. సాధారణంగా మొదటి కొన్ని నెలలు తినేటప్పుడు, పళ్ళు తోముకునేటప్పుడు తప్ప రోజంతా రిటైనర్ పెట్టుకోమంటారు, తర్వాత రాత్రిళ్ళు చాలంటారు. కొందరు డాక్టర్లు మొదటి నుంచీ రాత్రిళ్ళే చెబుతారు. మీ నోటి విషయంలో మీ డాక్టరు మాటే చెల్లుతుంది. ఆ రాత్రి వాడకం ఎన్నేళ్ళని అడిగితే, పళ్ళు తిన్నగా ఉండాలని మీరు కోరుకున్నన్నేళ్ళు.

మీ దగ్గర ఉన్నది ఏ రకం

కడిగే పద్ధతి రిటైనర్ రకాన్ని బట్టి కొంత మారుతుంది కాబట్టి ముందు ఇది తెలుసుకోండి. అంగిట్లో కూర్చునే గులాబీరంగు లేదా రంగురంగుల ఆక్రిలిక్ పలక, ముందుపళ్ళ మీదుగా స్టీలు తీగ ఉంటే అది హాలీ రిటైనర్. అమెరికన్ డాక్టరు చార్లెస్ హాలీ 1919 ప్రాంతంలో దీన్ని లోకానికి పరిచయం చేశాడు, నూరేళ్ళు దాటినా వాడకంలోంచి పోలేదు. గట్టిది, జాగ్రత్తగా చూసుకుంటే చాలా ఏళ్ళు వస్తుంది, తీగ కొంచెం వదులైతే డాక్టరు బిగించగలరు. పళ్ళ మీద గాజులా కనిపించే పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఉంటే అది రెండో రకం. షెరిడన్, ఆయన సహచరులు 1993లో ఎసిక్స్ పేరుతో దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చారు. ఇప్పుడు మన ఊళ్ళలో పిల్లలకి ఎక్కువగా ఇస్తున్నది ఇదే. పెట్టుకున్నట్టు ఎవరికీ తెలియదు, కానీ గీతలు పడుతుంది, వేడికి వంగుతుంది, రాత్రి పళ్ళు కొరికే అలవాటుంటే చిల్లులు పడుతుంది. మూడోది పళ్ళ వెనకవైపు అతికించేసే సన్నటి తీగ. దాని సంగతి తర్వాత.

హాలీ పెట్టుకున్న మొదటి రోజుల్లో మాట కొంచెం ముద్దగా వస్తుంది, నోట్లో నీళ్ళూరతాయి. మన భాషలో ట, డ, ణ, ళ పలకాలంటే నాలిక కొస పైకి మడిచి అంగిట్లో తగిలించాలి. సరిగ్గా అక్కడే పలక అడ్డం ఉంటుంది. స, శ లు కూడా జారతాయి. పేపరు తీసుకుని రోజూ పావుగంట గట్టిగా చదవండి, వారం పది రోజుల్లో నాలిక దారి వెతుక్కుంటుంది. స్కూల్లో మాట తేడాగా వస్తోందని సిగ్గుపడి పిల్లలు తీసి జేబులో వేసుకుంటారు. ఆ జేబులోంచే చాలా రిటైనర్లు మాయమవుతాయి.

కడగడం

రాత్రంతా నోట్లో ఉన్న రిటైనర్‌ని పొద్దున తీసి వెలుతురుకి పట్టి చూడండి. లోపలివైపు, ఒక్కో పన్ను ఆకారంలో ఉన్న గుంటల్లో సన్నటి తెల్లటి జిగురు కనిపిస్తుంది. పళ్ళ మీద పట్టే పాచే అది. లాలాజలంలోని మాంసకృత్తులు ముందు ఒక పొరలా అంటుకుంటాయి, దాని మీద బ్యాక్టీరియా, కొన్నిసార్లు కాండిడా అనే శిలీంధ్రం స్థిరపడతాయి. తడిగా ఉన్నంతసేపు అది వేలితో రుద్దినా పోతుంది. ఆరిపోయిందా, గట్టిపడుతుంది. లాలాజలంలోని కాల్షియం అందులో చేరితే గార అవుతుంది, ఆ తర్వాత బ్రష్‌కి లొంగదు. వాసన పుట్టేది కూడా ఆ పొరలోనే. కాబట్టి కడగడంలో సబ్బుకన్నా, నానబెట్టే మాత్రకన్నా, బ్రష్‌కన్నా వేళ ముఖ్యం. నోట్లోంచి తీసిన నిమిషంలోనే కడగాలి. తర్వాత కడుగుదామని బేసిన్ అంచున పెట్టినదే సాయంత్రానికి కంపు కొడుతుంది.

ఎలా కడగాలో వివరంగా చెబుతాను. తీసేటప్పుడు రెండువైపులా దవడపళ్ళ దగ్గర వేలి కొసలతో లోపలినుంచి కొంచెం కొంచెంగా వదులుచేసి తీయండి. ఒకవైపు పట్టుకుని లాగితే ప్లాస్టిక్ తొడుగు మధ్యలో చీలుతుంది, హాలీ అయితే తీగ వంగుతుంది. బేసిన్‌లో కొంచెం నీళ్ళు నింపండి, లేదా అడుగున చిన్న తువ్వాలు వేయండి. చేయి జారి గట్టి పింగాణీ మీద పడితే హాలీ పలక పగులుతుంది. కుళాయి కింద మామూలు చల్లటి నీళ్ళతో ఒకసారి తొలిచి, మెత్తటి బ్రష్ తీసుకోండి. చిన్నపిల్లల బ్రష్ అయితే ఇంకా మంచిది, గుంటల్లోకి చక్కగా వెళ్తుంది. ఆ బ్రష్ దీనికే కేటాయించండి, మీ పళ్ళు తోముకునే దాన్ని వాడొద్దు. ఘాటైన వాసన లేని ద్రవ సబ్బు ఒక్క చుక్క చాలు, గిన్నెలు తోమే లిక్విడ్ అయినా పరవాలేదు. ముందు లోపలి గుంటలు, తర్వాత కొరికే అంచు, చివర బయటివైపు. హాలీ అయితే పలకని పట్టుకోండి, తీగని కాదు. తీగ పలకలోకి దిగే చోట పాచి దాక్కుంటుంది, అక్కడ బ్రష్ కొసతో రెండు మూడుసార్లు తిప్పండి. ఇదంతా నిమిషం పని. సబ్బు రుచి మిగలకుండా బాగా తొలవండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో చివరిసారి తాగే నీళ్ళతో తొలవడం మంచిది, లేకపోతే ఆ నీటి సున్నం తెల్లటి మచ్చలుగా మిగిలిపోతుంది.

పొద్దున ఒకసారి, రాత్రి పెట్టుకునే ముందు ఒకసారి ఇలా చేయాలి. రాత్రి పళ్ళు తోముకోకుండా రిటైనర్ పెట్టుకోవడం మాత్రం చాలా తప్పు. పళ్ళ మధ్య మిగిలిన అన్నం మెతుకు, స్వీటు ముక్క తొడుగు కింద ఎనిమిది గంటలు పళ్ళకి అంటుకుని ఉంటాయి. రాత్రి లాలాజలం తక్కువగా ఊరుతుంది, ఊరినా తొడుగు లోపలికి సరిగా వెళ్ళదు. తిన్నగా ఉన్న పళ్ళు పుచ్చిపోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. తొడుగు నోట్లో ఉండగా టీ, కాఫీ, కూల్‌డ్రింకు, పళ్ళరసం తాగకూడదనేది కూడా ఇందుకే. మంచినీళ్ళు ఒక్కటే తాగొచ్చు.

టూత్‌పేస్టు ఎందుకు వాడకూడదో చెప్పాలి, ఎందుకంటే అందరూ అదే వాడతారు. పేస్టులో పళ్ళు రుద్దడానికి సన్నటి గరుకుపొడి ఉంటుంది. పంటి పైపొర శరీరంలోకెల్లా గట్టి పదార్థం కాబట్టి అది తట్టుకుంటుంది. ప్లాస్టిక్ తట్టుకోదు. కంటికి కనిపించని గీతలు పడతాయి, తొడుగు మసకబారుతుంది, ఆ గీతల్లోనే పాచి మళ్ళీ చేరుతుంది. తెల్లబరిచే పేస్టులు, బొగ్గు కలిపిన పేస్టులు, ఎర్ర పళ్ళపొడి మరీ గరుకు. ఇత్తడి గిన్నె తోమినట్టు చింతపండు, ఉప్పు వేసి పీచుతో రుద్దినవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

వారానికోసారి నానబెట్టడం

రోజూ బ్రష్ చేసినా మూలల్లో కొంత మిగులుతుంది. దానికి కట్టుడు పళ్ళు కడిగే బుడగల మాత్రలు పనికొస్తాయి, మందుల షాపుల్లో దొరుకుతాయి. గ్లాసులో గది ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్ళు పోసి మాత్ర వేసి, పెట్టె మీద రాసినంతసేపు మాత్రమే నానబెట్టి, తర్వాత బ్రష్‌తో తోమి బాగా తొలవాలి. ఆ మాత్రల్లో చాలావాటిలో పర్సల్ఫేట్ ఉంటుంది, కొందరికి అది పడదు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే దీనిపై హెచ్చరించి, తయారీదారుల్ని పెట్టెల మీద సూచనలు మార్చమంది. ఆ నీళ్ళు పుక్కిలించడం, మింగడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ గ్లాసు అందని చోట పెట్టండి. వాడాక చిగుళ్ళు మండినా, దద్దుర్లు వచ్చినా ఆపేసి డాక్టరుకి చెప్పండి.

మాత్రలు లేకపోతే గ్లాసు నీళ్ళలో చెంచా వంటసోడా కలిపి పావుగంట నానబెట్టినా వాసన తగ్గుతుంది. సోడాని ముద్దలా చేసి రుద్దకండి, అదీ గరుకే. తెల్లటి పొక్కులా గార కట్టడం మొదలైతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి మెత్తగా తోమండి. స్టీలు తీగ ఉన్న వాటిని అంతకు మించి ఉంచొద్దు. అప్పటికీ పోని గారని గుండుసూదితో, చాకు కొసతో గీకకండి. పళ్ళు క్లీనింగ్ చేయించుకోవడానికి వెళ్ళినప్పుడు రిటైనర్ కూడా తీసుకెళ్తే వాళ్ళ యంత్రంలో శుభ్రం చేసి ఇస్తారు.

డెట్టాల్, బ్లీచింగ్ నీళ్ళు, శానిటైజర్ వాడొద్దు. బ్లీచింగ్ స్టీలు తీగని తుప్పు పట్టిస్తుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లో రోజూ నానబెడితే ఆక్రిలిక్ దెబ్బతింటుంది. చిగుళ్ళ వాపుకి డాక్టర్లు రాసే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఎక్కువ రోజులు వాడితే పళ్ళతోపాటు రిటైనర్‌నీ గోధుమరంగులోకి మార్చేస్తుంది.

రంగు సంగతి వచ్చింది కాబట్టి మన వంట గురించి కూడా చెప్పుకోవాలి. పప్పు, పులిహోర, చేపల పులుసు, ఆవకాయ, ఏది తీసుకున్నా పసుపు లేకుండా మనకి పూట గడవదు. పసుపులోని రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతుంది, ఒకసారి ఇంకాక ఏ మాత్రా దాన్ని పూర్తిగా తీయలేదు. భోజనం చేశాక నోరు పుక్కిలించకుండా వెంటనే తొడుగు పెట్టుకుంటే నెల తిరక్కుండానే పచ్చబడుతుంది. పళ్ళు తోముకునే వీలు లేని చోట కనీసం రెండుసార్లు గట్టిగా పుక్కిలించి పెట్టుకోండి. పచ్చబడినంత మాత్రాన రిటైనర్ పనిచేయకుండా పోదు. ఆకారం చెడకపోతే అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. రంగు మారిందని మానేయకండి.

వేడి

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. క్రిములు చస్తాయని మరిగే నీళ్ళలో వేస్తారు. సీసాలు ఉడకబెట్టి అలవాటైన తల్లులు మంచి ఉద్దేశంతోనే ఈ పని చేస్తారు. ప్లాస్టిక్ తొడుగు అసలు తయారయ్యేదే వేడి చేసి, మెత్తబరిచి, పళ్ళ అచ్చు మీద లాగి. మళ్ళీ వేడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది, ఈసారి దాన్ని సరైన ఆకారంలో పట్టి ఉంచడానికి అచ్చు ఉండదు. కంటికి తేడా తెలియదు, పెట్టుకుంటే మాత్రం ఒక పన్ను దగ్గర ఆనదు, ఇంకో పన్నుని నొక్కుతుంది. వంగిన దాన్ని సరిచేయడం కుదరదు, కొత్తది చేయించాల్సిందే. గీజరు నీళ్ళు కూడా వద్దు. చేతికి వెచ్చగా తగిలితే అది రిటైనర్‌కి ఎక్కువే అనుకోండి.

రెంటచింతల, రామగుండం వైపు ఎండాకాలంలో బయటే 45 డిగ్రీలు దాటుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల, ముఖ్యంగా డ్యాష్‌బోర్డు మీద, అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. స్కూటీ డిక్కీ కూడా అంతే. ప్రయాణాల్లో రిటైనర్ పెట్టె మీ చేతిసంచిలోనే ఉండాలి.

పోకుండా దాచుకోవడం

రిటైనర్ ఉండాల్సినవి రెండే చోట్లు, నోట్లో లేదా పెట్టెలో. మూడో చోటు పెట్టిన రోజే పోతుంది. పెళ్ళి భోజనంలో విస్తరాకు అంచున పెడతారు, ఆకు మడిచేసి లేస్తారు, ఆకుతోపాటు అదీ వెళ్ళిపోతుంది. హోటల్లో టిష్యూలో చుట్టి పళ్ళెం పక్కన పెడతారు, వెయిటర్ వచ్చి తుడిచి తీసుకెళ్ళిపోతాడు. ఇంట్లో టీవీ పక్కన పెడితే చెత్త అనుకుని ఊడ్చేస్తారు. కుక్క ఉన్న ఇల్లయితే లాలాజలం వాసనకి అది వెతికి మరీ కొరికేస్తుంది. అమ్మమ్మకి, ఇంట్లో పని చేసే ఆవిడకి ఒకసారి రిటైనర్ చూపించి ఇది ఇదీ అని చెప్పండి.

గాలి ఆడే చిల్లులున్న, ముదురు రంగు పెట్టె కొనుక్కోండి. ముదురు రంగుదైతే ఎక్కడ పెట్టినా కంటపడుతుంది. దాని మీద ఇంట్లో ఎవరిదైనా ఫోను నంబరు రాసి అంటించండి. కడిగిన రిటైనర్‌ని నీళ్ళు విదిల్చి పెట్టండి, నీళ్ళోడుతుండగా మూత బిగిస్తే లోపల బూజు వాసన పడుతుంది. పెట్టెని కూడా వారానికోసారి సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. చాలామంది రిటైనర్ శుభ్రంగా కడిగి మురికి పెట్టెలో పెడతారు. హాస్టల్లో ఉండే పిల్లలకి ఒకటి గదిలో, ఒకటి కాలేజీ బ్యాగులో అని రెండు పెట్టెలు ఇవ్వండి.

రాత్రి పెట్టుకోవడం మర్చిపోయేవాళ్ళు పెట్టెని అల్మారాలో దాచకుండా, రోజూ రాత్రి చేయి తప్పనిసరిగా వెళ్ళే చోట పెట్టాలి. టూత్‌బ్రష్ పక్కన పెట్టొచ్చు, ఫోను ఛార్జింగ్ పెట్టే ప్లగ్గు దగ్గర పెట్టొచ్చు. కొత్త అలవాటుకి వేరే గుర్తు కనిపెట్టాల్సిన పనిలేదు, పాత అలవాటు దాన్ని గుర్తుచేస్తుంది. ఒక రాత్రి తప్పితే తప్పింది, రెండో రాత్రి తప్పనీయకండి. తల్లిదండ్రులకి ఒక మాట. "రిటైనర్ పెట్టుకున్నావా?" అని రోజూ అడిగితే పిల్లలు "ఆఁ" అనేస్తారు. వారానికోసారి "పెట్టె ఇలా తే నాన్నా, చూద్దాం" అనండి. లోపల పాచి లేకుండా ఉంటే మెచ్చుకోండి, ఉంటే పక్కన నిలబడి కలిసి కడగండి. పద్నాలుగేళ్ళ పిల్లాడికి తిట్లు వింటే రిటైనర్ మీదే కోపం వస్తుంది.

పళ్ళ వెనక తీగ

కింది ముందుపళ్ళ వెనక, ఒక కోరపన్ను నుంచి ఇంకో కోరపన్ను దాకా సన్నటి తీగని అతికిస్తారు. పెట్టుకోవడం మర్చిపోతామనే బెంగ లేదు, అది దాని గొప్ప. కష్టం శుభ్రతలో ఉంది. నాలిక కింద లాలాజల నాళాలు తెరుచుకునేది సరిగ్గా ఆ పళ్ళ వెనకే. అందుకే తీగ ఉన్నా లేకపోయినా నోటి మొత్తంలో గార త్వరగా కట్టేది అక్కడే. తీగ ఉంటే పాచికి ఇంకాస్త ఆసరా దొరుకుతుంది. మామూలు ఫ్లాస్ దారం పైనుంచి దిగదు, తీగ అడ్డొస్తుంది. గట్టి కొస ఉండే సూపర్‌ఫ్లాస్ గానీ, దారం ఎక్కించుకునే ప్లాస్టిక్ సూది గానీ తీగ కిందినుంచి దూర్చి, రెండు పళ్ళ పక్కలా పైకీ కిందికీ రుద్దాలి. మొదట్లో విసుగొస్తుంది, తర్వాత రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. పళ్ళ సందుల్లో దూరే బుల్లి బ్రష్‌లు కూడా పనికొస్తాయి. ఆర్నెల్లకోసారి క్లీనింగ్ తప్పనిసరి.

తీగ ఉన్నవాళ్ళు చెరుకుగడని ముందుపళ్ళతో చీల్చకూడదు. జామకాయని కోసుకుని దవడపళ్ళతో నమలాలి. చేగోడీలు, వేరుశనగ చిక్కీ, మటన్ ఎముకలు అన్నీ పక్కపళ్ళకే. రోజూ రాత్రి నాలిక కొసతో తీగ పొడుగునా తడిమి చూడటం అలవాటు చేసుకోండి. ఎక్కడైనా గరుకుగా తగిలినా, తీగ కదిలినా ఒక పన్ను దగ్గర అతుకు ఊడిందని గుర్తు. నొప్పి లేదు కదా అని నెలలు గడపడం చూస్తుంటాను. అతుకు ఊడిన ఆ ఒక్క పన్ను మెల్లగా జరిగిపోతుంది. కొన్నిసార్లు వంగిన తీగే పన్నుని తప్పు దిక్కుకి నెడుతుంది. ఆ వారంలోనే డాక్టరుని కలవండి.

బిగుసుకున్నా, విరిగినా

కొన్నాళ్ళు మానేసి మళ్ళీ పెట్టుకుంటే బిగుతుగా ఉంటుంది. పూర్తిగా కూర్చుంటే, కాస్త ఒత్తిడి మాత్రమే ఉంటే, కొన్ని రోజులు ఎక్కువసేపు పెట్టుకోండి. పళ్ళు సర్దుకుంటాయి. పైకి తేలుతుంటే, ఒకచోట ఆనకుండా ఖాళీ కనిపిస్తుంటే బలవంతంగా కొరికి దిగేయొద్దు, పళ్ళకీ రిటైనర్‌కీ రెంటికీ దెబ్బ. పగిలితే ఫెవిక్విక్‌తో అతికించకండి, ఆ జిగురు నోట్లో ఉండాల్సింది కాదు. అంచు గుచ్చుకుంటుంటే గోళ్ళ కత్తెరతో కోయకండి, డాక్టరు దగ్గర రెండు నిమిషాల పని అది. పోయినా, విరిగినా ఫోను చేయడానికి వారం ఆగొద్దు, ముఖ్యంగా క్లిప్పులు తీసిన మొదటి ఏడాదిలో.

ప్లాస్టిక్ తొడుగులు కొన్నేళ్ళకి అరిగిపోవడం సహజం. అందుకే చేయించుకునేటప్పుడే రెండో జత అడగండి, అప్పటికే అచ్చు సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఖర్చు తగ్గొచ్చు. అమెరికా, ఆస్ట్రేలియా చదువులకి బయల్దేరే పిల్లల సూట్‌కేసుల్లో పచ్చళ్ళు, ప్రెషర్ కుక్కర్ జాగ్రత్తగా సర్దుతారు, రిటైనర్ సంగతి ఎవరికీ గుర్తుండదు. అక్కడ కొత్తది చేయించాలంటే వందల డాలర్లవుతాయి, కొలతలు మళ్ళీ మొదటినుంచి తీయాలి. ప్రయాణానికి నెల ముందే డాక్టరుకి చూపించి, రెండో జత చేయించి, చేతిసంచిలో పెట్టుకోండి.

డాక్టరు మీ పళ్ళకి తీసిన ప్లాస్టర్ అచ్చు ఉంటుంది, లేదా స్కాన్ చేసి ఉంటే కంప్యూటర్‌లో ఫైలు ఉంటుంది. క్లినిక్‌లు మారిపోతాయి, పాత అచ్చులు పారేస్తారు. అందుకని ఈ నెలలోనే అడిగి తీసుకోండి. అచ్చయితే పగలకుండా గుడ్డలో చుట్టి పెట్టండి, ఫైలయితే ఇంట్లో ఇద్దరి మెయిల్‌లో దాచండి. పళ్ళు కదలకముందు తీసిన కొలత చేతిలో ఉంటే, రిటైనర్ పోయిన రోజు ఏ ఊళ్ళో ఉన్నా కొత్తది కొద్ది రోజుల్లో చేయించుకోవచ్చు.